ఇసోకిచి మావగారి తీపి మొక్క

కాడ దగ్గర పుల్ల తెంపెయ్యకే, నాగిసా. అడ్డంగా ఆ కాస్త పుల్ల ఉంటేనేగా తాడు కట్టి చూరుకి వేలాడదీసేది. ఆఁ, అలాగ. తొక్క తియ్యి, కండ కాదు. ఇంతకీ ఏమంటున్నావు, పెరట్లోకి తీపి పర్సిమన్ పండు మొక్క తెప్పిస్తావా? చెట్టు మీంచి కోసి ఆపిల్‌లా కొరుక్కు తినే రకం? తెప్పించు, నేనేం వద్దన్నానా. చూడు, నవ్వు కూడా ఆపుకుంటున్నాను. కాకపోతే ఆ ముచ్చట ఈ ఇంట్లో నీకంటే ముందు ఒకాయన తీర్చుకున్నాడు. మా మావగారు ఇసోకిచి. మీ ఆయనకి ముత్తాత. అదిగో, ఫొటోలో మూతి బిగించుకుని. ఆ మూతి దగ్గరికే వస్తున్నా, ఉండు.

నేను దక్షిణాన సముద్రపొడ్డు నించి ఈ కొండల్లోకి కోడలిగా వచ్చాను. అక్కడ మా పెరట్లో తీపి రకమే. ఇక్కడ ఎవరి పెరడు చూసినా నిండా పళ్లు, కొరికితే నాలుక్కి తోలు తొడిగినంత వగరు. వచ్చిన ఏడే ఒకటి కొరికి, మర్యాదకి ఉమ్మలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అత్తగారు నవ్వింది. మావగారు నవ్వలేదు. మర్నాడు కొండ దిగి వెళ్లి, పసిపిల్లని మోసినట్టు మొక్కని వీపున కట్టుకుని వచ్చాడు. "అమ్మాయ్, మీ ఊరి రకమే" అన్నాడు. "ఈ చలిలో ఇన్నేళ్లున్నా నువ్వే తియ్యబడలేదు, అది తియ్యబడుతుందా" అంది అత్తగారు ఆయనతో. షిగెనో ఆవిడ పేరు. మాటే అంత గానీ, ఆవిడ ముల్లంగి ఊరగాయ పెడితే... జాడీలో ముల్లంగి మీద పెట్టే రాయి ఎంత బరువుండాలో నాకు చెప్పకుండానే పోయింది, గడుసుది. ఏం చెబుతున్నా? ఆఁ, మొక్క. చలికాలం వస్తే దానికి గడ్డి చుట్టి, పైన తన పాత కోటు కప్పేవాడు. "నన్నూ చిన్నప్పుడు ఇలా కప్పుంటే ఇంకో జానెడు ఎదిగేవాణ్ణి" అనేవాడు మా ఆయన.

ఎన్నేళ్లకో కాసింది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూచున్నాం. మావగారు కొరికాడు. మూతి అలా, ఆ ఫొటోలో లాగే అయింది. మింగి, "తీపి" అన్నాడు. నేనూ కొరికాను. ప్రాణం పోయింది, అంత వగరు. "మా ఊరి తీపే, మావయ్యగారూ" అన్నాను. అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, "అంత బావుంటే ఇంకోటి తినండి" అని చెరోటి కోసి పెట్టింది. తిన్నాం. ఏం చేస్తాం? అది మొదలు ఆయన ఆ చెట్టుకేసి చూడ్డం మానేశాడు. దూరం నించి వచ్చిన పిల్లకి మాటిచ్చి తప్పానని ఒకటే కుమిలిపోవడం.

కొత్తేడాది తొలి పున్నమి పండక్కి, బాగా కాయాలని చెట్టుని గొడ్డలితో బెదిరించే ఆనవాయితీ ఉంది కదా మనకి? మావగారు ఎప్పుడూ మొద్దు గొడ్డలే తెచ్చేవాడు. ఆ ఏడు పొద్దున్నే నూరుతున్నాడు. ఆ చప్పుడుకి అత్తగారు కూడా నోరు మూసుకుంది. చెట్టు వెనకాల నిలబడి దాని తరఫున జవాబు చెప్పేది నేను. "కాస్తావా, కాయవా" అనే కదా అడగాలి, వెనకున్నవాళ్లు "కాస్తాను" అనాలి? ఆయన "తీపి కాస్తావా, కాయవా? కాయనంటే ఇప్పుడే నరికేస్తా" అన్నాడు. కాస్తానంటే అబద్ధమని ఆయనకీ తెలుసు. "కాయను" అన్నాను. గొడ్డలి పైకి లేచింది. "వగరే కాస్తాను, మావయ్యగారూ. నాకీ చలి అలవాటైపోయింది. తొక్క తీసి మీ చూరుకి వేలాడదీయండి, మంచు పడే నాటికి నేనే తియ్యబడతాను. తొందరపెట్టకండి." చెట్టు ఎక్కడన్నా మావయ్యగారూ అంటుందా? నా నోటికి అదే వచ్చింది. గొడ్డలి మెల్లగా కిందికి దిగింది. "అడిగింది చాల్లే, జావ చల్లారుతోంది" అంది అత్తగారు. ఆయన గొడ్డలంచుతో గోరంత గాటు పెట్టి, ఆ గాటుకి ఆనవాయితీగా గరిటెడు ఎర్ర చిక్కుడు గింజల జావ పుయ్యాల్సింది పోయి, గిన్నె మొత్తం ఒంపేశాడు. అది నా గిన్నె. నేనా పూట పస్తు.

ఇప్పుడు నువ్వు తొక్క తీస్తున్నవి ఏ చెట్టువనుకున్నావు? మొక్క నీ ఇష్టం, ఏదన్నా తెప్పించు. గొడ్డలి మీ ఆయన పట్టుకుంటాడు. వెనకాల నిలబడేది మాత్రం నువ్వే... అయ్యో, మళ్లీ పుల్ల తెంపేశావూ? ఇలా తే, అది మనం ఇప్పుడే తినేద్దాం. మూతి మాత్రం ఎవరికీ చూపించకు.