నడిచొచ్చిన మలుపు

తిప్పక్క గోడ కట్టే పనిలో మేస్త్రీని మించిపోయింది. ఎందుకంటే ఒక్క ఏడాదిలో ఒకే గోడను మూడుసార్లు కట్టింది. ఆమెకేమన్నా సరదానా, కట్టిన ప్రతిసారీ ఏదో ఒక బండి వచ్చి పడగొట్టి పోయేది. మొదటిసారి టమాటా లారీ, రెండోసారి ట్రాక్టరు, మూడోసారి పెండ్లి బస్సు. పెండ్లోళ్లు మాత్రం మర్యాదస్తులప్పా, గోడ కూలగొట్టినందుకు దిగొచ్చి లడ్డు చేతిలో పెట్టి మరీ పోయినారంట. గోడ పోతే పోనీ అనుకో, మట్టీ రాయీ గుట్టకాడ ఊరికే దొరుకుతాయి. ఆ గోడ వెనక మంచంలో ఆమె మొగుడు ఎర్రిస్వామి ఉండాడు కదా. ఎద్దులబండి మీంచి పడి తుంటి విరిగినోడు, తనంతట తాను లేవలేడు. ఇల్లు చూస్తే కొత్త రోడ్డు మలుపులో, రెండంకణాలు. ఒక దాంట్లో పొయ్యి, చెనిక్కాయ మూటలు, మేకలు, ఇంకో దాంట్లో ఈయన. మంచం అటు జరపాలంటే మేకల్ని బయట కట్టాల, బయటంటే రోడ్డే. మూడోసారి గోడ పడినప్పుడు ఒక గుండురాయి దొర్లుకుంటా వచ్చి ఎర్రిస్వామి తలకాయకు జానెడు దూరంలో ఆగిందంట. ఆయన దాన్ని చూసి, తిప్పీ, నాలుగోసారి కట్టేటప్పుడు నన్ను కూడా లోపల పెట్టి కట్టెయ్, మళ్లీ మళ్లీ నీకెందుకు శ్రమ అన్నాడంట. ఆమె నవ్వలేదు. రాయికీ ఆయన తలకూ మధ్య చెయ్యి పెట్టి, అది జానెడేనా అని ఇంకోసారి కొలిచి చూసుకునింది.

అసలు ఆడ మలుపెందుకు వచ్చిందని మీరు అడగాల. అడగరు, వింటా కూర్చుంటారు, నేనే చెప్తా. కొత్త రోడ్డుకు గీత గీసినప్పుడు మలుపు ఊరికి రెండు మైళ్ల అవతల, చీనీతోట కాడ ఉండె, బత్తాయిలంటారే, అవే. తోటేమో ఒక పెద్దమనిషిది. ఆయన కాయలు రెండు బుట్టలు యాడికి పోయినాయో, యావరు తిన్నారో మనకెందుకు గానీ, ఆ మలుపు లేచి రెండు మైళ్లు నడిచొచ్చి తిప్పక్క ఇంటి ముందర కూర్చునింది. మలుపైతే నడిచింది గానీ వేగం ఇంతకు మించొద్దని చెప్పే బోర్డులు నడవలేదు. కాగితంలో ముందే రాసినట్టు చీనీతోట కాడ, చూపు ఆనినంత దూరం వంకర లేకుండా చక్కగా పోయే రోడ్డు మీద, ఇరవై అని పాతినారు. తిప్పక్క గోడకాడ, ముందర ఏముందో కాకికి కూడా కనబడని చోట, ఎనభై అని పాతినారు. ఇరవై కాడ వేపచెట్టు కింద రుద్రప్ప అనే కానిస్టేబులు కూర్చునేవాడు, ఇరవై ఒకటి పోయినోణ్ణి పట్టుకునేవాడు. ఏమైందంటే, ఆ మైదానంలో ఉడతలు కూడా దాటిపోతా ఉంటే ఏడుస్తా ఏడుస్తా వచ్చిన బండ్లు, ఎనభై బోర్డు కనబడతానే పోయిన పొద్దంతా ఆ మలుపులోనే తిరిగి సంపాదించుకోవాలన్నట్టు తొక్కేవి.

తిప్పక్క గోడ నాలుగోసారి లేపి, సోమవారం నాడు అర్జీ పట్టుకుని రోడ్ల ఆఫీసుకు పోయింది. ఇంజినీరు మంచోడే, కుర్చీ వేయించి కూర్చోబెట్టి, పెద్ద కాగితం పరిచి, అమ్మా నీ ఇంటికాడ మలుపే లేదు, చూడు, రోడ్డు చక్కగా ఉంది అని వేలు పెట్టి చూపించినాడంట. ఆమె ఆ కాగితాన్ని అటు చూసి ఇటు చూసి, అయితే సామీ నా మొగుణ్ణి ఈ కాగితంలోకి మార్చుకుంటా, ఈడ మంచం పట్టే చోటుందా అనిందంట. ఆయన మొగం కొంచెం చిన్నదయ్యింది. బోర్డు మార్చాలంటే ఉత్తినే మార్చలేమమ్మా, మనుషుల్ని పంపిస్తా, నీ ఇంటికాడ బండ్లు మామూలుగా ఎంత వేగంతో పోతాయో మూడు దినాలు రాసుకొస్తారు, దాన్ని బట్టి అంకె వేస్తాం అన్నాడు. తిప్పక్క వాకిలి దాకా పోయినదల్లా వెనక్కి తిరిగింది.

"అంటే సామీ, వాళ్లు తొందరగా పోతే తొందరగానే పొమ్మని రాస్తారా?"

"దాదాపు అంతేనమ్మా."

ఇంటికి రాంగానే చేలోకి పోయి, ఎండిన ఉలవచెట్లు పీకి కుప్పేసినవుంటే మోపులు మోపులుగా మోసుకొచ్చి ఇంటి ముందర రోడ్డు మీద మోకాలెత్తు పరిచింది. మన పక్క ఇది ఉండేదే కదా, ఉలవకట్టె రోడ్డు మీద పరిస్తే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి, రోలూ వద్దు గుండూ వద్దు. కాకపోతే అందరూ చక్కటి రోడ్డు చూసి పరుస్తారు, ఈమె మలుపు చూసి పరిచింది. ఇంక చూడండి, మోటారుసైకిలోళ్లు జారిపడతామని కాళ్లు రెండూ కిందానించి నీళ్లలో బాతుల మాదిరి పోయేది. కార్లోళ్లు కట్టె అడుగున చుట్టుకుంటే నిప్పంటుకుంటుందని ఊపిరి బిగబట్టి పోయేది. బస్సు డ్రైవరు దినానికి నాలుగుసార్లు తిట్టేది, నాలుగుసార్లూ మెల్లగానే పోయేది. ఆ మూడు దినాలూ మిషను పట్టుకొచ్చిన మనుషులిద్దరూ తిప్పక్క చూరు కింద కూర్చుని, ఆమె పోసిన మజ్జిగ తాగుతా, పన్నెండు, పదునాలుగు, పదకొండు అని రాసుకున్నారు. ఒక గొర్రెలమంద ట్రాక్టరును దాటిపోయిందని కూడా అంటారు. నేను చూడలేదప్పా, చూసినోళ్లు చెప్తే విన్నా.

కాగితం ప్రకారం కాగితం కదిలింది. నెల తిరక్కముందే ఎనభై పీకి, ఎర్రరంగు తడి ఆరని ఇరవై బోర్డు పాతినారు. దాంతోపాటే ఒక నోటీసు, ఏమనంటే రోడ్డు మీద కట్టె పరచడం తప్పు, తక్షణం ఎత్తేయవలెను. చీనీతోట కాడి ఇరవై సంగతేందని అడిగితే దానికి వేరే ఫైలు కావాలన్నారంట. తిప్పక్క సంతోషంగా కట్టె ఎత్తి గోడకానించి వామి వేసింది. మొగుడితో, యోవ్, ఇంక భయం లేకుండా పండుకో, సర్కారు కాపలా ఉండాది అనింది. ఆ మాట అని చెయ్యి కడుక్కునేలోగానే ఒక లారీ గోడ వణికేటట్టు పోయింది. దాని వెనక ఇంకోటి. చదువు రానోళ్లు కాదు, చదువుతారు, ఇరవైలో ఇర అనేలోగా బోర్డు వెనకబడిపోతుంది. వెడల్పాటి రోడ్డు, అద్దం మాదిరి నున్నన, కాలు దాని మాట వింటుంది గానీ డబ్బా రేకు మాట ఎందుకు వింటుంది? ఆ పూటంతా తిప్పక్క మొగుడి తలవైపు గోడకు వీపానించి కూర్చునిందంట, తన వీపు ఆపుతుందన్నట్టు.

కొత్త బోర్డు పడింది కదా, కొత్త కేసులు రాయాలని రుద్రప్పను ఈడికి తోలినారు. వేగంగా వచ్చేవాణ్ణి పట్టాలంటే కనబడకూడదు కదా, అందుకని ఆయన తిప్పక్క గోడ మూలకు నక్కి నిలబడినాడు. తిప్పక్క చెప్పింది, నాయనా ఆడ వద్దు, ఆడ నిలబడినవి ఏవీ నిలబడలేదు అని. డ్యూటీ అవ్వా, డ్యూటీ అన్నాడు. మధ్యాన్నం చీనీకాయల లారీ ఒకటి వచ్చింది. డ్రైవరుకు ఖాకీ కనబడేసరికి మలుపు సగం అయిపోయింది, బ్రేకు తొక్కితే లారీ పక్కకు తిరిగి నేరుగా గోడమీదికి. రుద్రప్ప టోపీ ఆడే వదిలేసి వాకిట్లోకి దూకి, చీకటి ఇంట్లో ఏమీ కనబడక, పోయి పోయి ఎర్రిస్వామి మంచం మీద పడినాడంట. లారీ ఉలవకట్టె వామిలోకి దూరి, మెడదాకా మేత తిన్న ఎద్దు మాదిరి ఆగింది. గోడకు ఒక బీటిక, అంతే. దుమ్ము సర్దుకున్నాక ఎర్రిస్వామి, పక్కన వణుకుతా ఉన్న కానిస్టేబులు మీదికి దుప్పటి సగం కప్పి అన్నాడంట.

"రాప్పా రా. ఏడాదిగా నేనొక్కణ్ణే ఉంటి ఈడ."

మర్నాడు పొద్దున్నే రుద్రప్ప వచ్చినాడు. గోడ మూలకు పోలేదు, వాకిట్లో నిలబడి అవ్వా, ఆ కట్టె ఇంకా ఉండాదా అన్నాడు. ఉండాది నాయనా, సర్కారు ఎత్తేయమనింది కదా అని ఆమె నోటీసు తీసి చూపించింది. ఆయన నోటీసు చదివినాడు, రోడ్డు వైపు చూసినాడు, గోడ బీటిక వైపు చూసినాడు.

"సర్కారు ఈడ కూర్చోదు కదవ్వా, కూర్చునేది నేను కదా."

ఖాకీ చొక్కా చేతులు పైకి మడిచి తనే ఒక మోపెత్తినాడు. తిప్పక్క ఇంకోటెత్తింది. ఆ దినం నుంచి పొద్దున్నే పరిచేది ఆయన, సాయంత్రం ఎత్తేది ఆమె. ఆయన లేని దినం ఆమే పరుస్తుంది. ఆ కట్టెలో గింజ రాలిపోయి ఎన్నాళ్లయిందో, ఇప్పుడు తొక్కేది ఉత్త పొట్టునే. కేసులు మాత్రం ఒక్కటీ లేవు. ఇంజినీరు ఒకసారి జీపులో వచ్చి, పదమూడు వేగంతో ఆ మలుపు దాటి, పక్కనున్న గుమాస్తాతో చూసినావా, బోర్డు ఎంత బాగా పనిచేస్తావుందో, జిల్లా అంతా ఇట్లాంటివే పాతిద్దాం అన్నాడంట. జీపు చక్రానికి చుట్టుకున్న పొట్టు మాత్రం ఆఫీసు దాకా పోయింది. చీనీతోట కాడ జనం ఇంకా ఇరవైలోనే పోతావుండారు, ఆడ కాపలాకు యావరూ లేకపోయినా, భయం అలవాటైపోయి.

ఎర్రిస్వామి బాగుండాడు, మొన్న పోయినప్పుడు నాతోనే చీట్లపేకాడినాడు. నేనా మలుపులో ఎన్నిసార్లు పోయినానో లెక్కలేదు గానీ, ఆ బోర్డు మీద ఏముందో ఇంతవరకూ సరిగ్గా చూడనేలేదు. చూపు పక్కకు తిప్పితే బండి జారుతుందని.