అసిరితల్లి రంగం పెట్టి

అసిరితల్లని ఒకావిడుండీదంట. మన ఊరే, ఇప్పుడు రైసుమిల్లున్న సోటే అప్పుడు ఆల్ల ఇల్లు. ఇది తెల్లోల్ల దొరతనం నాటి మాటనుకోండి. అప్పట్లో మనోల్లు కువైట్లూ దుబాయిలూ ఎల్లీవోరు కాదు, రంగం ఎల్లీవోరు. రంగమంటే సముద్రానికి అవతల బర్మా దేశంలో రంగూను పట్నముంది కదా, అదే, మనోల్ల నోట్లో నలిగి నలిగి రంగమైపోనాది. ఈ అసిరితల్లి పెనిమిటి గురువులని, పెల్లైన నాలుగో నెల్లోనే ఓడెక్కి ఎల్లిపోనాడంట, అక్కడ బియ్యం మిల్లులో పనికి. ఎల్లినోడు ఎల్లినట్టే ఐదేల్లుండిపోనాడు. ఏడాదికో ఉత్తరం. ఈవిడకి ఆడి మొకం కూడా సగం మర్సిపోనాదంట. ఎవరైనా అడిగితే, "ముక్కు గురుతుంది గానమ్మా, మిగతా మొకం గురుతు రావట్నేదు" అనీదంట. నవ్వకండి, నాలుగు నెల్ల కాపరం, అందులో ఆసాఢమొకటి పుట్టింట్లో పోనాది, ఇంకేటి గురుతుంటాది?

అలాంటిది ఒకనాడు ఏటైందంటే, ఉత్తరమొచ్చింది. బడి పంతులు అరుగు మీద కూకుని సదివినాడు, పేటంతా ఇన్నాది. "నువ్వు బయల్దేరి వచ్చేయి. ఇక మనం ఇక్కడే ఉండిపోదుము. ఇక్కడ నాకు మేడ ఉన్నది. పైన పడక, కింద వంట. ఓడ మీద మనిషికి ఒక పెట్టె. ఎవరి పెట్టె వారే మోసుకోవాలి. నీ బట్టలు, ఒక చెంబు, ఒక పళ్ళెం తెచ్చుకో, అది చాలును. రేవుకి నేనే వచ్చి దింపుకుంటాను." ఇదీ ఉత్తరం. మేడ అన్న కాడ పంతులు మూడుసార్లు సదవాల్సొచ్చిందంట, ఇనీవోల్లు నమ్మక. అత్త పోలమ్మ మాత్రం మూతి తిప్పి, "ఈడు సిన్నప్పుడూ అంతే, బొమ్మిడాయి పడితే సొరసేప పట్టినానని సెప్పీవోడు" అన్నాదంట.

ఇంక సూడండి, పెట్టిలో ఏటి పెట్టుకోవాల? ఉన్నూరొగ్గేసి అక్కడే బతకడానికెల్తంది. ఉన్నది ఒక్క రేకు పెట్టి. ఊల్లో దాలినాయుడని ఒకడున్నాడు, రంగం దాలినాయుడనీవోరు. ఆడు అక్కడున్నది పదకొండు రోజులంట. ఓడలో కడుపు తిరిగి, ఆ తిప్పుడు తగ్గకముందే మల్లా అదే ఓడెక్కి వచ్చేసినాడు. అయితే ఏటి, ఊల్లో ఎవులు రంగం ఎల్లాలన్నా ఆడినే అడగాల. ఈవిడా ఎల్లి అడిగింది. "మావా, ఏటి పట్టుకెల్లమంతావు?" ఆడు సుట్ట ముట్టించుకుని, "సింతపండు పట్టుకెల్లు, ఆ దేశంలో పులుపు నేదు" అన్నాడు. సరే మావా. "గొడుగు పట్టుకెల్లు, అక్కడ ఆర్నెల్లు వాన." సరే మావా. "ఉప్పు మర్సిపోకు." అంటే ఈవిడ ఊరుకోవచ్చు కదా, "ఉప్పెందుకు మావా, ఎల్లీది సముద్రం మీదే కదా?" అన్నాదంట. ఆడికి కోపమొచ్చి, "రంగం నువ్వెల్లినావా, నానెల్లినానా?" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అదీ ఆడి సలహా.

ఇది సాలదన్నట్టు, ఈవిడ ఎల్తన్నాదని తెల్సిన మర్నాటి నుంచీ ఇంటికి జనం మొదలైనారు. మన పేటలో అప్పుడు రెండిల్లకొకడు రంగంలో ఉండీవోడు. ముందు కోటమ్మొచ్చింది, సంకలో జాడీ ఎట్టుకుని. "ఓలె అసిరీ, మా బోడియ్యకి ఆవకాయంటే పేణమే. ఇదొక్కటీ ఓ మూలనెట్టుకో. ఇచ్చీటప్పుడు సెప్పు, మీయమ్మ నీకు పిల్లని సూసింది, పిల్ల బాగుంటాది, మెల్లకన్ను నేదు, నువ్వు ఉత్తరం రాయకపోతే ఆ పిల్లని నీ తమ్ముడికి కట్టేత్తాదని సెప్పు." సరేనన్నాది. ఆనక సన్నాసమ్మొచ్చి పెనిమిటికని సుట్టల కట్టిచ్చింది. ఇచ్చి ఏటందంటే, "తాగొద్దని గట్టిగా సెప్పి ఇయ్యి" అంట. ఇన్నారా, సుట్టలంపుతూ తాగొద్దని! ఆనక ఒకరు అంబలికని సోడిపిండి, ఒకరు ఎండుసేపలు, ఒకరు బెల్లం అచ్చు, ఒకరు కొబ్బరినూనె. ఒక ముసిలాయనైతే కొడుక్కని ఏపపుల్లల మోపు తెచ్చినాడు, ఆ దేశంలో పల్లు దేనితో తోముతన్నాడో పాపమని. ఈవిడ ఒక్కలికీ కాదన్నేదు. కాదంతే ఏటంతారు? మేడెక్కకముందే కల్లు నెత్తికెక్కినాయంతారు. మొత్తం పద్దెనిమిది మూటలైనాయి. పద్దెనిమిది పేర్లు, పద్దెనిమిది కబుర్లు. సదువా, రాదు. అందుకని రోజూ పొద్దున్న కల్లాపి సల్లుకుంటా పేరూ కబురూ, పేరూ కబురూ, బల్లో ఎక్కాలు సెప్పినట్టు సెప్పుకునీదంట.

పోలమ్మ ఒక్కర్తీ ఏటీ తేనేదు. ఆవిడ పెద్దకొడుకు దగ్గరుండీది, మాట కరుకు, మనిసి మంచిదే. బయల్దేరీనాడు కోడల్ని దగ్గరికి పిల్సి, "నా కొడుక్కి నాను మూట కట్టను. ఐదేల్లలో అమ్మా ఎలగున్నావని ఒక్క ముక్క రాసినాడేటి? ఆడు కనపడగానే ఎడమ సెవి పట్టుకుని, మీయమ్మ అంపిందని సెప్పి, ఒక్క మెలి తిప్పు. అదొక్కటీ పట్టుకెల్లు. బరువుండదు" అన్నాదంట.

ఇప్పుడు పెట్టి మూత పడాల కదా. పడదు. ఈవిడవి ఆరు సీరలున్నాయి. రెండు తీసింది, మూత పడనేదు. ఇంకో రెండు తీసింది, ఒకేపు పడితే ఇంకోయేపు లెగుస్తాది. ఆకరికి సెంబూ పల్లెం సంచిలో కట్టుకుని, ఆరు సీరలూ బయటే మిగిలినాయి. ఊరోల్ల సరుకంతా లోపలా, తన సరుకంతా బయటా. ఒగ్గీడానికి మనసొప్పదు. అందులో పెల్లి సీరుంది, పుట్టింటోల్లెట్టిన పసుపు సీరుంది. ఏటి సేసిందనుకుంతన్నారు? ఆరూ ఒకదాని మీదొకటి కట్టేసుకుంది! నడి ఏసంకాలం ఎండలు. పెట్టి నెత్తినెట్టుకుని ఈదిలోకొచ్చీసరికి ధాన్యం గరిసే నడిసొచ్చినట్టున్నాదంట.

అలాగే రేవుకెల్లింది. ఓడెక్కీ ముందు అక్కడొక డాట్రు నిలబడి ఒక్కొక్కల్నీ సూసి పంపుతాడు, రోగమున్నోల్లని ఎక్కనివ్వడు. ఈవిడ వంతొచ్చింది. డాట్రు సూసినాడు. మొకం సూత్తే సన్నం, సేతులు సూత్తే పుల్లలు, మద్దిన సూత్తే గాదె. "ఒల్లంతా నీరు దిగిపోయిందమ్మా నీకు, నాలుగు రోజుల సముద్రం, నువ్వు దాటవు. పక్కకి నిలబడు" అన్నాడంట. ఈవిడ కంగారుగా, "రోగం కాదు బాబూ, సీరలు." "ఏటీ?" "సీరలు బాబూ, ఆరున్నాయి." డాట్రు నమ్మనేదు. ఓడెక్కడానికి ఇలాంటి అబద్దాలు రోజుకి ఎన్నింతాడు ఆడు మాత్రం! అయినా ఎందుకేనా మంచిదని నర్సమ్మని పిల్సి తెర ఎనకాలకి పంపినాడు. తెర ఎనక నుంచి నర్సమ్మ గొంతొకటే ఇనపడతాది. "ఒకటండీ." కాసేపటికి, "రెండండీ." ఆ తరవాత, "మూడండీ, ఇది పట్టండీ." నాలుగో సీరకి లైనులో ఉన్నోల్లంతా కూడా లెక్కెట్టడం మొదలెట్టినారంట. ఐదండీ అనీసరికి రేవు రేవంతా ఒక్క కేక. డాట్రు నవ్వాపుకోనేక కల్లజోడు తీసి తుడుసుకుంటా, "మనిసి దొరికిందా?" అన్నాడు. "దొరికిందండీ, ఎండుసేపలా ఉంది" అందంట నర్సమ్మ. ఎల్లమ్మా ఎల్లు, అని పంపేసినాడు. ఈవిడ మల్లా ఆరూ కట్టుకుని, రెండు సేతుల్తో పెట్టెత్తుకుని ఓడెక్కింది.

నాలుగు రోజులూ ఆ పెట్టి మీదే తల, ఆ పెట్టి పక్కనే కూడు. అయిదోనాడు రంగంలో దిగింది. దిగినోల్లందరికీ ఎవులో ఒకలొచ్చినారు. ఆల్లు నవ్వుకుంటా, ఏడుసుకుంటా ఎల్లిపోనారు. ఈవిడకి ఎవులూ రానేదు. ముక్కొక్కటే గురుతు కదా పాపం, వచ్చీ పోయీ ప్రతి మొగోడి ముక్కూ సూత్తా పెట్టి మీద కూకుంది. పొద్దెక్కింది. మద్దినేలైంది. ఎనక్కెల్లడానికి టిక్కెట్టు నేదు, ముందుకెల్లడానికి ఇల్లు తెల్దు, సుట్టూ ఆడీ మాట ఒక్కటీ అర్తం కాదు. ఊల్లో కోటమ్మని, సన్నాసమ్మని, దాలినాయుడి సుట్టతో సహా అందర్నీ తిట్టుకుంది. తిట్లయిపోనాక ఏడుపొచ్చింది. ఏడ్సినాక తుడుసుకోడానికి, ఆరు సీరల్లో కొంగేదో దొరకనేదంట.

ఏటైందంటే, అక్కడొక మనిసి రిక్సా లాక్కుంటా పోతన్నాడు. ఆ తిట్లు ఆడి సెవిన పడ్డాయి. ఇలాంటి తిట్లు మన జిల్లాలో తప్ప పుట్టవు కదా, ఆగిపోనాడు. "ఏ ఊరమ్మా మనది? ఎవులి కోసం కూకున్నావు?" "మా ఇంటాయన కోసం బాబూ." "పేరేటి?" ఇదిగో, ఇక్కడొచ్చి పడింది. పెనిమిటి పేరు నోటితో ఎలగంతాది? అప్పటి ఆడోల్లు అనీవోరా? సంపినా అనరు. ఆడు అడుగుతాడు, ఈవిడ తల దించుకుంటాది. ఆకరికి, "ఆ పేరొద్దు గాని, కోటమ్మ కొడుకు బోడియ్యని, తెల్సా?" అందంట. ఆడు రిక్సా కిందెట్టేసి, "మా బోడియ్యా! నా పక్క సాపే! లెగు తల్లీ, పెట్టిలా ఇయ్యి" అన్నాడు.

తీసుకెల్లినాడు. మిల్లు ఎనకాల పొడుగాటి రేకుల సాల, నలబై మంది మొగోల్లు, అందరూ మనేపోల్లే. ఆదివారమేమో అందరూ అక్కడే ఉన్నారు. ఈవిడ పెట్టి దించి, దాని ముందు కూకుని మూత తీసిందంట. ఆవకాయ, ఎండుసేపలు, బెల్లం, అన్ని వాసనలూ ఒక్కసారి బయటికొచ్చీసరికి సాలలో తొంగున్నోల్లు కూడా లెగిసి కూకున్నారు. ఈవిడ మొదలెట్టింది. "కోటమ్మ కొడుకు బోడియ్య!" బోడియ్యొచ్చినాడు. జాడీ సేతిలో ఎట్టి, అచ్చం కోటమ్మ గొంతుతో, "ఉత్తరం రాయకపోతే పిల్లని నీ తమ్ముడికి కట్టేత్తాను" అన్నాది. బోడియ్య జాడీ పట్టుకునే కాయితానికి పరిగెట్టినాడు. సన్నాసమ్మ పెనిమిటొచ్చినాడు. సుట్టలందుకుని, ఒకటి ఎలిగించుకుని, తాగొద్దన్న కబురు పూర్తిగా ఇన్నాడు. ఏపపుల్లలాయన కొడుకు ఆ మోపుని వాసన సూసి, నవ్వబోయి, మొకం అటేపు తిప్పుకున్నాడు. ఒక్క పేరు మర్సిపోనేదు, ఒక్క కబురు తప్పనేదు. పద్దెనిమిదీ అయిపోనాయి, పెట్టి కాలీ.

అప్పుడు సూత్తే, ఎనకాల రాట కాడ ఒకడు తువ్వాలు నెత్తిన కప్పుకుని నిలబడ్డాడు. "నీ పేరేటి బాబూ? ఇంకేటీ మిగల్నేదు" అన్నాది. ఆడు తువ్వాలు ఇంకా కిందకి లాక్కున్నాడు. బోడియ్య రాత్తా రాత్తా తలెత్తి, "ఆడి పేరు నీ నోటెంట రాదులే వదినా" అన్నాడు. ఈవిడ లెగిసెల్లి తువ్వాలు లాగింది. ముక్కు! అదే ముక్కు. గురువులు నేల సూత్తా, "మేడ నేదు. ఇదే సాల. పైన అటకుంది, దాని మీద తొంగుంటాను. నిజం రాయడానికి సిగ్గేసింది" అన్నాడు. "రేవుకెందుకు రానేదు?" "వచ్చినాను. బత్తాల ఎనకాల నిలబడి పొద్దున్నించీ సూసినాను. ఎవులో పెద్ద బొద్దుగున్నావిడ కూకుని సేతులూపుతా తిడతంది, అంత దూరం మాటలు ఇనపడనేదు. నా పెల్లాం సన్నంగా ఉండీది కదా, రానేదనుకున్నాను. బతికినాననుకుని ఇంటికొచ్చి, ఇంటికొచ్చినాక ఏడ్సినాను" అన్నాడంట.

ఈవిడ అంతా ఇన్నాది. ఇని, "మీయమ్మ అంపింది నీకొకటుంది" అని, ఎడమ సెవి పట్టుకుని ఒక్క మెలి తిప్పింది. ఆడు కుయ్యోమన్నాడు, నలబై మందీ రేకులెగిరిపోయీలా నవ్వినారు. ఆడు సెవి రుద్దుకుంటా, మెల్లిగా, "అమ్మ ఎలగున్నాది?" అన్నాడు. "ఇదుగో, ఆ ముక్క రాయనందుకే ఇది" అన్నాది.

మరి కోపం పోనాదా అంటే, పోనేదు. మూడు రోజులు మాటాడనేదంట. కానీ సాల మూల సూసి, ఆరు సీరలూ విప్పి నాలుగేపులా తాడుకట్టి ఏలాడదీసి గది సేసుకుంది. పెల్లి సీర గుమ్మం కాడ. నాలుగోనాడు, "కూరలోకి ఏటి తేను?" అని ఆడడిగితే, "ఏదో ఒకటి తే" అన్నాది, అక్కడితో కాపరం మొదలైపోనాది. ఆ నలబై మందికీ ఈవిడే వండీది. ఇద్దరు పిల్లలు పుట్టినారు. డాట్రుకి కూడా బెదరని మనిసని, ఆవిడంటే సాల సాలంతా బయం.

నాలుగేల్లకి మన పేట నుంచే ఇంకొక కొత్తకోడలు రంగం బయల్దేరతా, పంతులు సేత ఉత్తరం రాయించింది. అత్తా, నువ్వు అన్నీ సూసినదానివి, నాను పెట్టిలో ఏటి తెచ్చుకోవాల, అని. జవాబొచ్చిందంటే మల్లా పేటంతా పోగైంది. పంతులు సదివినాడు. "ఇక్కడి చేటలు గుండ్రంగా ఉంటాయి. చెరిగితే నూక ముందుకి రాదు, చుట్టూ తిరుగుతుంది. మన చేట ఒకటి తే. ఇంకేమీ వద్దు." పంతులు ఎనక్కి తిప్పి కూడా సూసినాడంట, ఇంకేటైనా రాసుందేమోనని. ఏటీ నేదు. మీరూ అలాగే సూత్తన్నారు నా మొకంలోకి. అంత దూరమెల్లిన మనిసి ఏదో పెద్ద మాట సెప్తాదనుకున్నారు కాదేటి? ఆవిడకి నలబై మందికి పొద్దున్నే కూడు వండాల, బియ్యంలో రాల్లున్నాయి. సేటే అడుగుతాది. ఇంక లెగండి, మీ ఇంట్లో పొయ్యి ఎలిగించినారో నేదో సూసుకోండి.