ముందే పడిన ముద్రలు

వీసా ఫారం నింపుదామని భర్త పాస్‌పోర్టు తెరిచిన డ్రాయింగు టీచరుకు, ఇద్దరూ కలిసి వెళ్లాల్సిన నాలుగు దేశాల ముద్రలూ అందులో అప్పటికే పడి కనిపించాయి. ఆ యాత్ర కోసం ఎనిమిదేళ్లుగా ఆమె రాసుకుంటున్న నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది.

“ఏమండీ, కిందటి ఫిబ్రవరిలో మీరు వెళ్లింది బాయిలర్ల ట్రైనింగుకే కదా?”

“అవును. ఎన్నిసార్లు చెప్పాలి?”

“మరి ఈ ముద్రలు బాయిలర్లు వేశాయా?”

“అదా... కంపెనీవాళ్లు అలా తిప్పారులే.”

“నా నోటుబుక్కు చూసి తిప్పారా? అచ్చం అదే వరస! మూడో ఊళ్లో మ్యూజియం సోమవారం తెరవరని నేను రాసుకున్నాను. మీరు మంగళవారం దాకా ఆగి మరీ బయల్దేరినట్టు ముద్రే చెబుతోంది.”

“నువ్వు పోలీసుల్లో చేరాల్సింది.”

“మాట మార్చకండి. ఎవరామె?”

“నీ మీదొట్టు, ఎవరూ లేరు. ఒక్కణ్నే వెళ్లాను.”

“ఆ మ్యూజియంలో ఉన్న పెద్ద పెయింటింగు బొమ్మ ముందు మొదటిసారి ఇద్దరం కలిసే నిలబడదామన్నది మీరు! ఆ మాట పట్టుకునేగా, స్కూలువాళ్లు పైసా ఖర్చు లేకుండా అక్కడికి తీసుకెళ్తామన్నా నేను మానుకున్నాను? ఎవరో ఉందని చెప్పినా ఇంత మండేది కాదు. ఎందుకు చేశారీ పని?”

అతను నోటుబుక్కు మెల్లగా మూశాడు.

“నువ్వు పక్కనుంటే ప్రతి బొమ్మా నువ్వు చెప్పినట్టే కనిపిస్తుంది నాకు. ఒక్కసారి నా కళ్లతో చూద్దామని వెళ్లాను. ఆ పెద్ద బొమ్మ ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నీకు చెబితే ఆ ఏడుపు కూడా నీదైపోతుందని దాచుకున్నాను.”