నీళ్లను ఎనక్కి తోలిన రాణి

"ఏంది సారూ, అంత దిగులు పడ్తాండారు? డాక్టరేమన్నాడు, కుక్కను నీళ్లల్లో ఈదించమన్నాడు, అంతే గదా! ఈ నంద్యాలలో కుక్కకు ఈత నేర్పాలంటే యేసుదాసును అడగాల. యేసుదాసంటే ఎవరనుకున్నారు, నేనే!"

కె.సి. కాలువ వంతెన కాడ మారెన్న టీ అంగడి. బెంచీ మీద ఆళ్లగడ్డ నుంచి వచ్చిన రాజరత్నం సారు కూచోనుండాడు. ఆయన కాళ్ల కాడ జిమ్మీ పడుకోనుంది. ఒళ్లు విపరీతంగా పెరిగి, ఎనక కాళ్లు లేయక, ఊరికే ఆయాసపడ్తాంది.

"ఈదించకుంటే ఇంగ ఎప్పటికీ లేచి నిలబడదంటప్పా," అన్నాడు సారు. "మా ఇంటామె దీన్ని చూసి ముద్ద ముట్టడం లేదు. మా ఇంటి దగ్గర ఈదించే దోవ లేదు. నమ్మకమైన మనిషి దొరికితే కొన్నాళ్లు ఈడ్నే వదిలిపెట్టి పోదామనుండాది. బస్సొచ్చే లోపల తేల్చుకోవాల."

"తేల్చుకునేదేముంది సారూ, తేలింది! మా కుక్క రాణి సంగతి వినండి ముందు. అదీ మీ జిమ్మీ మాదిరే నీళ్లంటే చస్తా భయపడేది. బావిలో పిల్లోళ్లకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కడ్తాం గదా? నేనేం జేసినా, ఆ బెండే రాణి నడుముకు కట్టి కాలువలోకి దించినా. మూతి పైకెత్తి, కాళ్లు తపతపా కొట్టుకుంటా అవతల గట్టెక్కి, ఒళ్లు ఇదిలించుకోని, మళ్లీ తనంతట తనే దూకింది చూడు!"

"అంతవరకు నమ్ముతాం," అన్నాడు మూల బెంచీలో ఉన్న ఏలీయా. దర్జీ పని ఆయనది, కత్తెర పట్టుకునే మనిషి, ఎక్కువ మాట్లాడడు.

"నమ్మక చస్తావా? ఇంగ దాని సంబరం చూసి ఊర్లో కుక్కలన్నీ పొద్దున్నే కాలువ గట్టుకు వచ్చి వరసగా నిలబడ్తాండె. రాణి ఒక్కోదాని మెడ పట్టుకోని దించేది, ఈదించేది, గట్టెక్కించేది. అల్లరి చేసిన కుక్కను ఎనక్కి పంపించేది సారూ! ఆ మీదట ఏమైందో తెల్సునా?"

"ఏమైంది?" అన్నాడు సారు, టీ గ్లాసు చేతిలో పెట్టుకోనే.

"ఒగనాడు ఆళ్లగడ్డ బస్సు కాలువెంబడి పోతాంది. రాణికి రోసమొచ్చింది. బస్సు రోడ్డు మీద, ఇది నీళ్లల్లో. నేను ఊరికే దాని తోక చివర రెండేళ్లతో పట్టుకోని ఎల్లకిల పండుకున్నా, బీడీ గూడా ఆరలేదు. డ్రైవరు యాక్సిలేటరు తొక్కుతాండాడు, రాణి కాళ్లు తొక్కుతాంది. కండక్టరు కిటికీలో నుంచి తల బయటికి పెట్టి, 'యోవ్, ఏందిది!' అని నోరు తెరిస్తే ఆ నోరు ఆళ్లగడ్డ దంకా మూయలేదు. మేం ముందు పోయి, ఒళ్లు ఆరబెట్టుకోని, టిఫిను తిని, బస్సుకు ఎదురు పోయినాం."

"ఓరి దేవుడా!" అన్నాడు మారెన్న. పాలు పొంగి పొయ్యిలో పడ్తాండేది గూడా చూసుకోలేదు.

"అప్పుడే దేవుణ్ణి పిలిస్తే ఎట్లప్పా, అసలు కత ముందుండాది! పోయిన వానల్లో కాలువకు గండి పడె. జనం ఏడుపులు, బర్రెలు కొట్టుకపోతాండాయి. ఇంజనీరు జీపు దిగి తల పట్టుకున్నాడు. నేను చొక్కా తీసి గండికి ఈపు ఆనించి నీళ్ల అడుగున కూచున్నా. పొద్దున కూచుంటే మాపటికి సంగటి తినే యాళకు లేచినా, ఊపిరి గూడా పీల్చలే. 'రాణీ, ఇంగ నీదే భారం' అన్నా లోపల్నుంచే. అది గిర్రున తిరుక్కోని ఎదురీత మొదలు పెట్టింది సారూ! దాని కాళ్ల దెబ్బకు నీళ్లు ఆగినాయి. ఆగి, ఎనక్కి తిరిగినాయి. తిరిగి, పోయి పోయి ఈ కాలువ పుట్టే సుంకేసుల ఆనకట్ట ఎక్కి తుంగభద్రలో పడినాయి! ఇంజనీరు టోపీ తీసి నాకు దండం పెట్టి, 'నేను సదివిందంతా దండగ' అని ఏడ్చినాడు."

రాజరత్నం సారు గ్లాసు పక్కన పెట్టి, బిత్తరపోయి యేసుదాసునే చూస్తాండాడు. అంతలో ఆళ్లగడ్డ బస్సు హారను కొట్టింది. సారు బిరబిరా లేచి, జిమ్మీ తల నిమిరి, గొలుసు యేసుదాసు చేతిలో పెట్టినాడు.

"నమ్మి ఇస్తాండా నాయనా. దీనికేమన్నా అయితే మా ఇంటామె బతకదు."

"ఏమైతాది సారూ! రేపు నేను గుండె లోతుకు దిగి దీన్ని చేతుల మీద..."

"సారూ, రోంత ఆగండి," ఏలీయా లేచి నిలబడినాడు. "కోతలంటే ఊరుకున్నా గానీ, పాణం ఉండే జీవిని ఈయన చేతికి ఇస్తాంటే ఊరుకోలేను. యేసుదాసూ, పోయిన ఆదివారం నువ్వు గుడికి రాలేదు గదా?"

"జొరమొచ్చింది. అయితే ఏంది?"

"మీ ఇంటామె ప్రసన్నకుమారి సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. ఆమె గుడ్డలు ఉతుకుతాంటే సబ్బు జారిందంట. దాని కోసం వంగి నువ్వు మొల లోతు నీళ్లల్లో పడి మునిగిపోతాంటే, రాణి దూకి నీ చొక్కా కాలరు పట్టి గట్టుకు ఈడ్చిందంట. నీకు ఈత రాదనేది పెండ్లయిన ఇన్నేండ్లకు ఆ పొద్దే తెలిసిందని ఆమె ఒగటే ఏడుపు. పాస్టరయ్య నీ పేరున చిన్న ప్రార్థన చేసి, రాణికి దీర్ఘాయుష్షు ఇమ్మని పెద్ద ప్రార్థన చేసినాడు."

యేసుదాసు మొఖం తెల్లబోయింది. "సాక్ష్యం... అందరి ముందరా చెప్పిందా?"

"అందరూ ఆమెన్ గూడా అన్నారు."

మారెన్న పగలబడి నవ్వినాడు. రాజరత్నం సారు మాత్రం నవ్వలేదు. బస్సు మళ్లీ హారను కొట్టింది. గొలుసు ఎనక్కి తీసుకుంటాడని అందరూ అనుకున్నారు గానీ, ఆయన తీసుకోలేదు.

"యేసుదాసూ, జిమ్మీని తీస్కపోయి మీ ఇంటామె చేతికియ్యి. ఆమె గట్టున కూచుంటాది, రాణి చూసుకుంటాది. నువ్వు మాత్రం కాలువ దరిదాపులకు పోవద్దు నాయనా," అన్నాడు బస్సెక్కుతా. "పాపం ఒక్క కుక్క, ఇద్దర్ని ఈడ్చలేదు."