అమ్మ పాట పక్కన మేనత్త పాట

నా పేరు మీరు పైన రాసుకున్నారు ఎస్సై సార్. ఎక్కువ మాట్లాడనని అందరూ మ్యూట్ అంటారు. వయసు పదిహేడు. సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే షాపులో కేబుళ్ళు చుడతాను. ఆరో తరగతి దాకా చదివాను. మీ ముందు నిలబడితే నోరు పెగల్లేదు, అందుకే మీ ఎదురుగానే కూర్చుని మీ నంబరుకి మెసేజ్ కొడుతున్నాను. స్టేషన్ రైటర్ గారు తప్పులు దిద్ది కాగితం మీద ఎక్కిస్తానన్నారు.

పెన్‌డ్రైవ్ డీజే మిషన్లోంచి లాగింది నేనే. దొంగతనం మాత్రం చెయ్యలేదు. అది నాది. మీరు దాన్ని డీజే అన్నకి ఇచ్చేసి నా మీద కేసు రాస్తామంటున్నారు. నా దగ్గర ఇంకో కాపీ లేదు.

అందులో రెండువందల పన్నెండు పాటలున్నాయి. అన్నీ డ్రమ్ అండ్ బాస్ అనే స్పీడు మ్యూజిక్. నిమిషానికి నూట డెబ్బై నాలుగు బీట్లు. షాపులో పాత మిషన్ ఎనభై ఏడు అని చూపిస్తుంది, సగమే లెక్కపెడుతుంది. అందుకని మిషన్‌ని నమ్మను. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, స్లైడర్‌ని వెంట్రుకవాసి జరుపుతూ, రెండు పాటల బీట్లూ ఒకటిగా పడేదాకా వింటాను. అది నెల్లాళ్ళలో వచ్చింది. శ్రుతి కలపడానికి రెండేళ్ళు పట్టింది. బీట్ కలిసినా శ్రుతి కలవకపోతే పాటలు ఒకదాన్నొకటి పీక్కుతింటాయి సార్.

శ్రుతులకి ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అవి నాకు గుర్తుండవు. అందుకని పాటలకి మా ఇంట్లోవాళ్ళ వరసలే పేర్లుగా పెట్టి నంబర్లేసుకున్నా. ఒక శ్రుతి పాటలన్నీ అమ్మ. దాని పక్క శ్రుతి నానమ్మ. దానికవతలది మేనత్త. అమ్మ తర్వాత నానమ్మని వెయ్యొచ్చు, నానమ్మ తర్వాత మేనత్తని వెయ్యొచ్చు. అమ్మ పక్కన మేనత్తని వెయ్యకూడదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి డీజే అన్న షాపుకొచ్చాడు. "ఏరా మ్యూట్, ఏదో కలుపుతున్నావంటగా, ఇటివ్వు, విని ఇస్తా" అన్నాడు. ఇచ్చాను. గురువారం అడిగాను. "వింటున్నాన్రా, తినేస్తానా దాన్ని?" అన్నాడు. శుక్రవారం ఫోన్ ఎత్తలేదు.

శనివారం స్కేటింగ్ హాల్లో ప్రోగ్రాం. బాక్సులు మా షాపువే, మోసింది నేనే. సాయంత్రం నాలుగింటికి అన్న మైకు పట్టుకుని, "రెండేళ్ళు కూర్చుని కలిపాను, వినండి" అన్నాడు. నా పెన్‌డ్రైవే. నేను చుట్టిన పచ్చ టేపు కూడా తియ్యలేదు.

నాలుగూ పదికి అమ్మ నాలుగో పాట అయిపోవస్తోంది. స్క్రీన్ చూశాను, తర్వాతది మేనత్త రెండు. వెళ్ళి చెవిలో చెప్పాను, "అన్నా, మధ్యలో నానమ్మని వెయ్యి."

నవ్వాడు. "నానమ్మ నీరసంగా ఉందిరా, జనం నిద్రపోతారు. పో, కేబుల్ చూసుకో."

వేసేశాడు. రెండూ కలిసి మోగుతున్నాయి. ముందు వరసలో ఒకమ్మాయి చెవులు మూసుకుంది. అన్న చెయ్యెత్తి ఊగుతూనే ఉన్నాడు. ఎనిమిది బీట్లు లెక్కపెట్టా. పదహారు లెక్కపెట్టా. పెన్‌డ్రైవ్ లాగేశా. మిషన్ ఆఖరి ముక్కనే పట్టుకుని తట్ తట్ తట్ అంటూ ఉండిపోయింది. జనం అరిచారు. అన్న నా చొక్కా పట్టుకున్నాడు.

ఇందాక ఈ పాటల పేర్లేంటని మీరడిగితే అన్న, "సెంటిమెంట్ సార్, మా ఇంట్లోవాళ్ళు" అన్నాడు. మీరు తలూపారు. నన్నడిగినప్పుడు నేను నేల చూశాను. అది నా తప్పే. అతన్ని ఇంకోసారి అడగండి. అమ్మకీ మేనత్తకీ ఎందుకు పడదో అడగండి.

మా అమ్మా మేనత్తా ఒక కుట్టుమిషన్ దగ్గర గొడవపడి నాలుగేళ్ళుగా మాట్లాడుకోరు. నేను స్టేషన్లో ఉన్నానని తెలిసి, నానమ్మతో కలిపి ముగ్గురూ వచ్చారు. బయట బెంచీ మీదున్నారు. తలుపు తీసి చూడండి సార్. నానమ్మ ఎక్కడ కూర్చుందో చూడండి.

ఇదంతా నేను కొట్టిన మెసేజే. రైటర్ గారు చదివి వినిపించారు. ఇందులో కల్పించింది ఒక్క ముక్క లేదు, ఎవరో బెదిరిస్తే చెప్పిందీ కాదు. సంతకం బదులు వేలిముద్ర చాలని రైటర్ గారన్నారు.

ఎడమ చేతి బొటనవేలి ముద్ర

రైటర్ గమనిక: ఎస్సై గారు తలుపు తీసి బెంచీ చూశారు. డీజేని మళ్ళీ లోపలికి పిలవమన్నారు.