తునోరున్న పెట్టె

వీరభద్రం అని ఒకాయన బుర్రకథ చెప్పేవాడంట. సొంతూరు తుని, పక్కన వాయించే వంతలిద్దరిదీ తునే. కాపరం పెద్దాపురం దగ్గర పల్లెలో అనుకో, అయినా ఏ ఊరెళ్లినా "తునోరొచ్చారు, తునోరొచ్చారు" అని జనం మూగేవారంట. ఆయన గొంతు విప్పితే మూడు వీధులవతల కుక్క చెవులు నిక్కించేదంట. అలాంటి గొంతు పోయింది. లోపల ఏదో గడ్డ లేస్తే డాక్టరు కోసి తీశాడు, ప్రాణం నిలిచింది గానీ పాట పోయింది, మాటంటే ఇక గుసగుసే. అయితే ఏమైందంటే, జబ్బుకి ముందు టీవీవాళ్లొచ్చి ఆయన కథొకటి కెమెరాలో పట్టుకెళ్లారు. అది ఈ శుక్రవారం మధ్యాహ్నం వేస్తాం, ఒక్కసారే వేస్తాం అని కార్డు ముక్క వచ్చిందంట. పెళ్లాం మంగతాయికి బెంగ పట్టుకుంది. ఆ గొంతు ఒక్కసారి వినేసి ఊరుకోటమేనా, దాచుకునే దారి లేదా అని. రేడియోలు బాగుచేసే సన్నాసిరావుని అడిగితే, "డీవీడీ రికార్డరని ఉంటుంది పిన్నీ, టీవీలో వచ్చేదాన్ని బిళ్ల మీద దాస్తుంది. చవకదైనా పరవాలేదు గానీ లోపల ట్యూనరుండాలి, మర్చిపోకు" అన్నాడంట. ఈవిడకేమో లోపల తునోరుండాలి అని వినబడింది. అవును మరి, మా ఆయన దళం లోపలుండాలి కదా, లేకపోతే పెట్టె దేనికి అనుకుంది. తప్పేముంది చెప్పండి.

పొట్టేలు అమ్మిన డబ్బు కొంగున ముడేసుకుని కాకినాడ వెళ్లిందంట. కొట్టాయన గవర్రాజు ఒక పెట్టె చూపించి, అన్నిట్లోకీ చవక మామ్మగారూ అన్నాడు. "లోపల తునోరున్నారా బాబూ?" "ట్యూనరు లేదండి, విడిగా కొనుక్కోవాలి." "కొనుక్కోటమేటి నాయనా, నలభై ఏళ్ల కిందటే పుస్తె కట్టాడు." ఆయన బుర్ర గోక్కుని ఇంకోటి తీశాడు. అది పెద్దింటి కోడలిలా మెరిసిపోతోంది, ధర వింటే రెండు పొట్టేళ్లు కావాలి. మూడోది చిన్నది, నల్లగా బుద్ధిగా ఉందంట. "దీనిలో ట్యూనరుంది మామ్మగారూ." "ఒక్కరేనా? మరి వంతలో?" అప్పుడు గానీ సంగతి బయటపడలేదు. గవర్రాజు నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడి, "ట్యూనరంటే మనిషి కాదు తల్లీ, ఏంటెనా తీగ నేరుగా ఇందులో గుచ్చితే టీవీలో వచ్చేదాన్ని అదే పట్టుకుంటుంది. ఇది లేని పెట్టె కొంటే నీ ఇంట్లో ఉత్తదే" అన్నాడంట. మంగతాయి సిగ్గుపడిందేమో అనుకుంటున్నారా, లేదు. "మనిషైతేనేం, యంత్రమైతేనేం, పట్టుకుంటుందిగా, కట్టివ్వు" అంది.

శుక్రవారం కార్డులో రాసిన వేళకి ఎర్ర బొత్తాం నొక్కి, కరెంటు పోకుండా చూడమని వీధిలో ఉన్న దేవుళ్లందరికీ మొక్కిందంట. పోలేదు. మర్నాడు అన్నాల వేళ బిళ్ల తిప్పితే వీరభద్రం గొంతు ఇల్లు దద్దరిల్లేలా లేచింది. ఆయన కంచం ముందు కూచుని, ముద్ద చేతిలోనే ఉంచుకుని, పెదాలు కదుపుతూ తనతోపాటు తనే పాడుకుంటున్నాడు, చప్పుడు లేకుండా. కళ్లమ్మట నీళ్లు. ఆవిడ కాసేపు చూసి, బొత్తాం నొక్కి తెరలో మొగుణ్ణి నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఆపేసింది. ఆయన ఆపొద్దని చెయ్యూపితే, "చారు చల్లారిపోతోంది, తినయ్యా ముందు. నువ్వెక్కడికీ పోవులే" అందంట.

నలభై ఏళ్ల కాపరంలో మొగుడి నోరు ఆపగలిగింది అప్పుడేనంట మరి. మనకా అదృష్టం ఏ కొట్లోనూ అమ్మరు.