నహర్ ఎండిపోయిందని జెప్పిన

ఏందీ, నేను ఫారిన్ పోయొచ్చిన్నా అని అడుగుతున్నవా? ఎవలు జెప్పిన్రు, మీ నాయననా? పోయిన బిడ్డా. రైల్ల పోయిన, ఒక్కదాన్నే పోయిన. నవ్వకు. నేపాల్ ఫారిన్ గాదా మరి?

అప్పటికి మీ నాయనకు పెండ్లి గాలే. కోదాడ నుంచి కాశీకి బస్సు గట్టిన్రు, మన మునగాల ఆడోళ్లం గూడ ఎక్కినం. మీ తాత గొర్లను ఇడిసి రానన్నడు. కాశీ జూసినం, గయ జూసినం, కాదు కాదు, గయ ముందు... ఏదైతేంది, తిప్పి తిప్పి జయనగర్ అనే ఊరికి తెచ్చిన్రు. గాడికెల్లి చిన్న రైలుంటది, జనకపురం పోతది. సీతమ్మ పుట్టినూరు. తీరా గాడికి వొయినంక, అది వేరే దేశమట, పోలీసోళ్లు పట్టుకుంటరట అని బస్సుల ఎవలో అన్నరు. ఇగ అందరికీ ఒక్కసారే మోకాళ్ల నొప్పులు మొదలైనయి. నేను టికెట్టు కొన్న. సూర్యాపేట నుంచి కోదాడకు బస్సు కిరాయంత గూడ లేదు.

అంత మొండిగ ఎందుకు పోయినవంటవా? జెప్త. మా అన్న ఉండె గద, మిర్యాలగూడల రైసుమిల్లు గుమాస్తా. మీ మేనత్త పెండ్లిల ఆయన్ను రెండో బంతిల కూసోబెట్టిన్రని విస్తరి ముందలికెల్లి లేసిపోయిండు. గంతే, రాకడ బంద్, ఒడిబియ్యం బంద్. అమ్మా నాయనా ఎప్పుడో పోయిన్రు, పోస్తే ఆయనే పొయ్యాలె. మిర్యాలగూడ అంటెనే బియ్యం. లారీలకు లారీలు పోతయి. చెల్లె కొంగుల ఇన్ని పసుపు బియ్యం పొయ్యనీకె ఆయనకు చెయ్యి రాలే. వాడకట్టుల ఎవలకన్న ఒడిబియ్యం పోస్తే నన్ను పాటకు పిలిశెటోళ్లు. పోయి పాడి, ఇంటికొచ్చి ఏడ్శేదాన్ని. అందుకే సీతమ్మ పుట్టిల్లన్న ఎట్లుంటదో సూద్దామనిపించింది. ఆమెదీ గొప్పగేం లేదు సూడు. రాజు బిడ్డే గని, అడివిల పడ్డప్పుడు తండ్రి వొచ్చి తోల్కపోయిండా? పోలే. ఆమెకు నాకు జర జతగుదిరింది.

రైలు సంగతా? పైన మంది, లోపల మంది, మంది కాళ్ల నడుమ మేకలు. ఒకాయన దిగి గట్టు దిక్కు పోయి, పని జూసుకొని, నిమ్మలంగ నడిసొచ్చి అదే డబ్బల ఎక్కిండు. దేశం ఎప్పుడు మారిందో నాకైతే తెల్వదు. బర్లు గవే, వరి గదే.

నా ఎదురుంగ నా ఈడామె కూసుంది. ఆమెది వాళ్ల భాష, నాది మన పక్కింటి బీబమ్మ తాన నేర్సుకున్న హిందీ. వరి సంగతి, ఎరువుల సంగతి మాట్లాడుకున్నం. మాటల్ల మాట, మీ నైహర్ యాడ, ఎట్లుంది అని అడిగింది. మన సాయిబులు కాల్వను నహర్ అంటరు గద. సాగర్ కాల్వ గురించి అడుగుతుందనుకున్న. ఉందమ్మా గని ఎండిపోయింది అని జెప్పిన. అన్నీ మిర్యాలగూడ తాననే ఆగిపోతయి, మా దాంక ఏం రాదు, ఎదురుజూసుడు గూడ ఇడిసిపెట్టిన అన్న. ఆమె కండ్లల్ల నీళ్లు దిరిగినయి. నాకు సంబురమైంది. మన కాల్వను ఇంజనీర్లే పట్టించుకోరు, గీమెకు ఎంత రంది అనుకున్న.

ఆఖరు టేషన్ల దిగినం. ఆమె నా చెయ్యి ఇడువలే. గుడికి అంటే, తర్వాత అన్నది. టేషన్ పక్కనే ఇల్లు, తోల్కపోయి పీటేసి కూసోబెట్టింది. లోపలికి వొయి చాట తెచ్చింది. బియ్యం, పసుపు కొమ్ము, ఇంత గరిక. కొంగు సాపుమని సైగ జేసింది. ఏందమ్మా ఇది అన్న. ఆమె పెనిమిటికి హిందీ సాఫ్ వొచ్చు. వాళ్ల తాన నైహర్ అంటే పుట్టిల్లట.

"పుట్టిల్లు ఎండిపోయినామె ఉత్త కొంగుతోటి మా ఊరు దాటొద్దంటుందమ్మా" అన్నడు.

నేను జెప్పింది కాల్వ గురించి అందామని నోరు దెరిశిన. మళ్ల మూసుకున్న. నేను అబద్ధం ఏం జెప్పిన బిడ్డా? ఒక్క మాటన్న అబద్ధం ఉందా అండ్ల?

కొంగు సాపిన. దాపెట్టుడెందుకు, మస్తు ఏడ్సిన. ఆమె పోస్తనే ఉంది. మన తాన పిడికెడు తిరిగి పోస్తం గద, నేను పిడికిలి పట్టేటాల్లకు ఆమె అప్పటికే కొంగు సాపి ఉంది. గీ పద్ధతి గాడిదాంక ఎట్ల వొయిందో.

ఇంటిదాంక మూట ముడి ఇప్పలే. శుక్రారం వండిన, వాడకట్టోళ్లను పిలిసిన. మీ తాత తినుకుంట, ఎవలు పోశిన్రే అన్నడు. పుట్టింటోళ్లు అన్న. మళ్లొక ముద్ద తిని, బియ్యం లావున్నయి, మిర్యాలగూడయి గావు ఇవి అన్నడు. గావు అన్న. మళ్లింత పెట్టుమన్నడు.

మా అన్నా? రాలేదు బిడ్డా. పోయిండు గూడ. ఆమె పేరన్న అడగకపోతిని... పుట్టింటోళ్లను పేరడుగుతమా.

ఇగ లే, పొద్దువోయింది. మీ తమ్ముడు నీ కొంగు నిండ పొయ్యాలె. నువ్వు గూడ ఎవలన్న ఉత్త కొంగుతోటి కనవడితే... ఊకె జూసుకుంట నిలవడకు. సల్లగుండు బిడ్డా, సల్లగుండు...